హెచ్‌ఐవీ ఉన్న తల్లి బిడ్డను కనొచ్చా?

నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ప్రశ్న: హెచ్‌ఐవీ ఉంది, మూడో నెల, ఉంచుకోవచ్చా?

ఉంచుకోవచ్చు. మందు వాడకపోతే నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకుతుంది, సరిగా వాడితే 5 లోపే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రుల ఏఆర్‌టీ సెంటర్లలో (హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రాలు) టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన గోలీ ఉచితం. రోజుకొకటి, జీవితాంతం. కాన్పు కాగానే ఆపేయొద్దు.

ఎక్కువగా పొరపాటు జరిగేది ఐరన్, కాల్షియం గోలీల దగ్గర. అవి డోలుటెగ్రావిర్‌ను పట్టేసుకొని ఒంటికి ఎక్కనివ్వవు. హెచ్‌ఐవీ గోలీ ముందు వేసుకుంటే 2 గంటలాగి ఐరన్ మింగాలి. ఐరన్ ముందు పడిందా, 6 గంటలు ఆగాలి. అంత లెక్క కుదరకపోతే అన్నం తింటూ రెండూ కలిపి వేసుకోవచ్చు, ఖాళీ కడుపున మాత్రం వద్దు.

32-36 వారాల మధ్య వైరల్ లోడ్, అంటే తల్లి రక్తంలో వైరస్ ఎంతుందో చూస్తారు. మి.లీ.కు 1000 కాపీలు దాటితే బిడ్డకు రెండు మందులు ఇస్తారు. హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో కాన్పుకు ఆపరేషన్ అక్కర్లేదు.

మామూలుగా బిడ్డకు నెవిరపిన్ సిరప్ 6 వారాలు: బరువు 2.5 కిలోలు దాటితే రోజుకు 1.5 మి.లీ. 6 నెలలు తల్లిపాలే. మధ్యలో బర్రెపాలు, తేనె నాకిస్తే పేగు పొర దెబ్బతిని సోకే ముప్పు పెరుగుతుంది. బిడ్డకు సోకిందో లేదో 6వ వారంలో మడమ రక్తపు చుక్కలతో పరీక్ష చేస్తారు. 18 నెలలలోపు మామూలు యాంటీబాడీ టెస్టు నమ్మొద్దు, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే (వైరస్‌పై ఒళ్లు తయారుచేసే రక్షక పదార్థాలు) పాజిటివ్ చూపిస్తాయి.