ఆర్సీలో 80 అంగుళాల జీపు, ఇంట్లో 91 అంగుళాల జీపు

సందేహం: మాది టెక్కలి. మా నాన్నగారు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో విల్లీస్ జీపు నడిపేవారు. ఆయన గుర్తుగా 2023 మార్చి 18న బొబ్బిలిలో ఒకాయన దగ్గర రూ.5.20 లక్షలకు జీపు కొన్నాను. ఆయన మా బావమరిదికి స్నేహితుడు. రూ.3 లక్షలు బ్యాంకు ద్వారా పంపాను, మిగతాది నగదు. ‘67 మోడల్, ఒరిజినల్ విల్లీస్, పేపర్లన్నీ క్లియర్’ అని వాట్సాప్‌లో పెట్టాడు. ఆర్సీలో సీజే-3బీ, 1967, పెట్రోల్, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2032 మిల్లీమీటర్లు అని ఉంది. నంబరు ఏపీ 30 సిరీస్. ఉన్నది డీజిల్ ఇంజిన్. మైలేజీ కోసం మార్పించానన్నాడు. 2025 ఆగస్టులో వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దామని మెకానిక్‌కి చూపిస్తే ఇది మహీంద్రా ఎంఎం 540 అన్నాడు. రివెట్ కొట్టిన పలక మీద నంబరు ఆర్సీతో కలుస్తోంది. చాసిస్ మీద నంబరు ఉండాల్సిన చోట గరుకుగా ఉండి రంగు పూసి ఉంది. అక్కడ ఆర్సీ నంబరు కొట్టించేస్తే గొడవే ఉండదని మెకానిక్ సలహా. పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకున్నాను కానీ బదిలీ చేయించలేదు. మెకానిక్ మాట విన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలా, పోలీసు కేసు పెట్టాలా? మనోవేదనకు పరిహారం వస్తుందా?

సమాధానం: మీరు అడిగినవాటి కంటే ముందు తేలాల్సింది ఒకటుంది. మీ ఇంట్లో ఉన్న చాసిస్, ఆర్సీలో రాసిన చాసిస్సేనా? అది తేలితే ఎంత డబ్బు అడగాలో, ఎవరిని అడగాలో, జీపు మీ దగ్గర ఉంచుకోవచ్చో లేదో కూడా తేలిపోతుంది.

బానెట్, గ్రిల్లు, అద్దం ఫ్రేము చూసి మోడల్ చెప్పేవాళ్ల మాట పక్కన పెట్టండి. ఆ రేకులు ఏ బాడీ షెడ్డులోనైనా చేయించుకోవచ్చు. 1967లో ఇక్కడ రిజిస్టరైన సీజే-3బీ అంటే దాదాపుగా విల్లీస్ లైసెన్సు మీద మహీంద్రా తయారు చేసినదే. కాబట్టి ‘విల్లీస్ అన్నాడు, మహీంద్రా ఇచ్చాడు’ అన్న వాదన నిలవదు. దావాకు పనికొచ్చే తేడా వేరే ఉంది. సీజే-3బీకి హరికేన్ పెట్రోల్ ఇంజిన్, సుమారు 2199 సీసీ, మూడు గేర్లు. ఆ ఇంజిన్ ఎత్తు ఎక్కువ కాబట్టే దాని బానెట్ ఎత్తుగా ఉంటుంది. వీల్‌బేస్ 80 అంగుళాలు, అంటే మీ ఆర్సీలో ఉన్న 2032 మిల్లీమీటర్లు. ఎంఎం 540 అన్నది 1980లలో వచ్చిన బండి. ప్యూజో డీజిల్ ఇంజిన్, 2112 సీసీ, నాలుగు గేర్లు, వీల్‌బేస్ 91 అంగుళాలు, అంటే 2311 మిల్లీమీటర్లు. ఇంజిన్‌ని ఒక పూటలో దించి ఇంకొకటి ఎక్కిస్తారు, గేర్‌బాక్సూ అంతే. వీల్‌బేస్ మాత్రం చాసిస్ ఫ్రేము కోస్తేనే మారుతుంది.

అందుకని ముందు కొలవండి. చదునైన సిమెంటు నేల మీద జీపు నిలిపి స్టీరింగ్ తిన్నగా పెట్టండి. ముందు చక్రం హబ్ మధ్య నుంచి, వెనక చక్రం హబ్ మధ్య నుంచి తాపీమేస్త్రీలు వాడే తూకం గుండు వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టి, రెండు గుర్తుల మధ్య టేపుతో కొలవండి. రెండు వైపులా చేయండి. ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటూ వస్తే వంగిన స్ప్రింగో, వంగిన యాక్సిలో కావచ్చు. 11 అంగుళాల తేడాకు ఆ సాకు చెల్లదు. ఇదంతా మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా తీయండి. జీపు పలక మీది నంబరు, టేపు మీది అంకె, ఆ రోజు దినపత్రిక అందులో కనపడాలి.

91 అంగుళాలు వచ్చిందనుకోండి, అప్పుడు రెండో ప్రశ్న. జీపు కిందికి దూరి ఫ్రేములోని రెండు పొడవు ఇనుప దూలాలనూ ముందు నుంచి వెనక దాకా టార్చి వేసి చూడండి. మధ్యలో వెల్డింగు కీలో, లోపల అతుకు పట్టీయో ఉంటే అది పాత ఫ్రేమునే పొడిగించింది కావచ్చు. అతుకు లేకుండా ఒకే ముక్కగా ఉంటే, ఒక జీపు ఆర్సీని, పలకని మరో జీపు మీద పెట్టి మీకు అమ్మారన్నమాట. గరుకుగా ఉన్న ఆ చోటుని బట్టి నాకు రెండోదే అనుమానం. అనుమానాన్ని రుజువు చేయాల్సింది కొలతా, పరీక్షా.

ఈ రెండింటికీ చట్టంలో దారులు వేరు. వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 15 ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు తగ్గట్టు ఉండాలి. మీ వాట్సాప్ సందేశం ఆ వర్ణన. అయితే వస్తువు తీసుకుని రెండున్నరేళ్లు వాడుకున్నాక ‘నాకొద్దు’ అనే హక్కు సెక్షన్ 13, 42ల వల్ల పోయింది. ఇక మిగిలింది నష్టపరిహారం, అంటే చెప్పిన జీపు ధరకూ ఇచ్చిన జీపు ధరకూ మధ్య తేడా. ఫ్రేము వేరే బండిదైతే మాత్రం సెక్షన్ 14 కిందికి, అంటే అమ్మే హక్కే లేని వస్తువుని అమ్మాడన్న ప్రశ్నలోకి వెళతాం. అది నెగ్గితే ఇచ్చిన సొమ్ము మొత్తం వడ్డీతో అడగొచ్చు, మీరు వాడుకున్నారన్న వాదన అక్కడ పెద్దగా పని చేయదు. ఒకే దావాలో రెండూ ప్రత్యామ్నాయంగా అడగాలి. ఇప్పుడు ఒకటి అడిగి, తర్వాత మరోటి అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 2 రూల్ 2 అడ్డొస్తుంది.

ఇక గడువు. ఒప్పంద ఉల్లంఘనకు పరిహారం అడగడానికి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 55 ఇచ్చేది మూడేళ్లు. మీ లెక్కలో 2026 మార్చి 18. మోసం బయటపడిన రోజు నుంచి లెక్కించమని సెక్షన్ 17 ఉంది కదా, 2025 ఆగస్టు నుంచి మూడేళ్లు రావా అంటారు. రావచ్చు. కానీ అదే సెక్షన్ ‘తగిన జాగ్రత్త తీసుకుంటే ఎప్పుడు తెలిసేదో’ అని కూడా అడుగుతుంది. ఆర్సీలో పెట్రోల్ అని ఉంటే డీజిల్ పోయించుకుంటూ తిరిగారు, వీల్‌బేస్ గడిలో 2032 అని ఉంటే టేపు తీయలేదు. అవతలి వకీలు మొదట అడిగే ప్రశ్న ఇదే. కాబట్టి సెక్షన్ 17ని దావాలో రాయండి, దాని మీద కూర్చుని నిద్రపోకండి. నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు, బావమరిది మధ్యవర్తిగా మాట్లాడుతున్నా ఆగదు.

మెకానిక్ చెప్పిన సలహా గురించి. ఆ పని చేయకండి, చేయనివ్వకండి, ఆ చోట ఎమరీ పేపరు కూడా పెట్టకండి. నంబరు కొట్టినప్పుడు అక్షరం కింద లోహం లోతుగా నొక్కుకుంటుంది. పైన అరగదీసినా ఆ నొక్కుడు మిగులుతుంది కనుకనే ఫోరెన్సిక్ ల్యాబులో రసాయనం పూసి చెరిపిన అంకెలు బయటికి తెస్తారు. దాని మీద కొత్త నంబరు కొట్టించారంటే మీకున్న ఏకైక బలమైన సాక్ష్యాన్ని మీ చేత్తో చంపుకున్నట్టు. పైగా ఇవాళ మీరు మోసపోయిన కొనుగోలుదారు, రేపు నంబరు మార్చిన నిందితుడు. నంబరు చెరిపిన చాసిస్ దొంగ బండిదై ఉండొచ్చు. దొంగ సొత్తని తెలిసి లేదా నమ్మడానికి కారణం ఉండి దురుద్దేశంతో దగ్గర పెట్టుకోవడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరం. ఆగస్టు నుంచి మీకు కారణం ఉంది. బండి బయటికి తీయకండి. చాసిస్ నంబరు చెరిపినట్టు అనుమానం ఉందని, పరీక్షించమని జిల్లా రవాణా అధికారికి, మీ పోలీసు స్టేషనుకి మీరే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సీజ్ చేస్తే చేయనివ్వండి. జీపు మధ్యంతర కస్టడీ కోసం మేజిస్ట్రేట్‌ని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 503 కింద అడగొచ్చు.

చీటింగ్ కేసు మాట ఆ నివేదిక వచ్చాకే. లావాదేవీ 2023ది కాబట్టి వర్తించేది ఐపీసీ 420, కొత్త సంహిత కాదు. ఇప్పుడే ఫిర్యాదు ఇస్తే ఇది సివిల్ తగాదా అని స్టేషనులోనే తిప్పి పంపే అవకాశం ఎక్కువ.

వినియోగదారుల కమిషన్‌కి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లే గడువు, అది 2025 మార్చిలో అయిపోయింది. ఆలస్యాన్ని మన్నించమనొచ్చు. అసలు ఇబ్బంది అది కూడా కాదు. సొంత బండిని ఒక్కసారి అమ్ముకున్న వ్యక్తి ఆ చట్టం చెప్పే ‘ట్రేడర్’ (వ్యాపారి) కాడు. ఇక్కడ మీరు రాయని ముక్క ఒకటి ఉంది. ఆర్సీలో పేరు బొబ్బిలి ఆయనదేనా? వేరేవాళ్లదై, ఆయన జీపులు కొని అమ్మేవాడైతే కమిషన్ తలుపు కొంచెం తెరుచుకుంటుంది, మీ జిల్లాలోనే వేసుకోవచ్చు. సివిల్ దావాలో అయితే ఆర్సీ యజమానిని కూడా ప్రతివాదిగా చేర్చాలి.

ఆ ఆర్సీలోనే ఇంకో దారం ఉంది. ఏపీ 30 అనే సిరీస్ 1988 మోటారు వాహనాల చట్టం తర్వాతది. 1967లో రిజిస్టరైన బండికి అది మొదటి నంబరు కానే కాదు. ఒడిశా లాంటి వేరే రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీతో (నిరభ్యంతర పత్రంతో) వచ్చి కొత్త నంబరు తీసుకుని ఉండాలి, లేదా పాత నంబరు మార్చి ఉండాలి. పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వచ్చిన బండ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తక్కువేం లేవు. రవాణా కార్యాలయంలో బి-రిజిస్టర్ (బండి రిజిస్ట్రేషన్ వివరాలు రాసే రికార్డు) నకలు తీసుకుని పాత నంబరు, పాత యజమానులు, ఎన్‌ఓసీ వివరాలు చూడండి. అసలు 1967 జీపు తుక్కు కింద పోయిందో, ఇంకెక్కడైనా ఉందో ఆ ఫైలు నుంచే మొదలుపెట్టి కనిపెట్టాలి.

వాట్సాప్ సందేశం ఉన్న ఫోను మార్చకండి, చాట్ తుడవకండి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటీ చాలదు, భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. నగదు ఇచ్చిన రూ.2.20 లక్షలకు సాక్షులు ఎవరు? బావమరిది ఉంటే ఆయన చేత ఇప్పుడే రాయించుకోండి, స్నేహం ఎక్కువైతే తర్వాత మాట మారుతుంది. దావా వేసిన రోజే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద, జీపుని పరిశీలించడానికి కోర్టు తరఫున కమిషనర్‌ని నియమించమని పిటిషన్ వేయండి. కమిషనర్ సమక్షంలో మెకానికల్ ఇంజినీరు కొలిచి ఇచ్చిన నివేదికకు మీ వీడియో కంటే బరువు ఎక్కువ.

వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆశ వదిలేయండి. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటితే చాలదు, చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఆ రూ.20,000 ఫీజు కోర్టు ఖర్చులకు దాచుకోండి. ఫ్రేమును పొడిగించిందే అని తేలినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డు. తయారీదారు వివరాలకు భిన్నంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు.

సంతకాలు పెట్టిన ఫారం 29, 30 బీరువాలో పెట్టుకుని రెండున్నరేళ్లు కూర్చోవడం మాత్రం క్షమించరాని అశ్రద్ధ. కొన్నవాడు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 చెబుతోంది. ఆ రోజే వెళ్లి ఉంటే తనిఖీలోనే ఇదంతా బయటపడేది. ఇప్పుడు ఆ ఫారాలు నింపి బదిలీకి వెళ్లకండి. నంబరు గొడవ తెలిసి మీ పేరు మీదికి ఎక్కించుకుంటే మీరే ఇరుక్కుంటారు. ఫారాలు ఖాళీగానే, ఉన్నవి ఉన్నట్టుగా దావాకి జతచేయండి.

మనోవేదనకు పరిహారం ఇలాంటి ఒప్పందపు దావాల్లో సాధారణంగా ఇవ్వరు, దాని మీద కోర్టు ఫీజు దండగ. 15 రోజుల గడువుతో ఆయనకు, ఆర్సీ యజమానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అందులో మోసం, దొంగ లాంటి మాటలు వద్దు. కొన్న తేదీ, వాట్సాప్ మాటలు, ఆర్సీ వీల్‌బేస్, కొలిచిన వీల్‌బేస్, అడిగే మొత్తం ఉంటే చాలు. ఆయన రాజీకి వస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ (దావాకు ముందు) కేసుగా పెట్టి లోక్ అదాలత్ అవార్డు తీసుకోండి, అది డిక్రీతో సమానం. రాకపోతే ఆయన నివాసం బొబ్బిలి కాబట్టి అక్కడి కోర్టులో, 2026 ఫిబ్రవరి దాటకుండా దావా నంబరు పడేలా చూసుకోండి.