ఐ7 అన్న పేరు చూసి తొందరపడకండి

పాప ఇంటర్ చదువుకీ, రాత్రిళ్లు ఇంటిల్లిపాదీ సినిమాలు చూడటానికీ సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ ఐ7-4770 ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్ తీసుకోవచ్చా అని అడిగారు కదండీ. నన్నడిగితే వద్దు. అది నాలుగో తరం ప్రాసెసర్, 2013 నాటిది. విండోస్ 11 అధికారికంగా దాదాపు ఎనిమిదో తరం నుంచే నడుస్తుంది. విండోస్ 10కేమో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. పేరు ఐ7 అయినా లోపల పాత సరుకే.

మీ అవసరానికి పన్నెండో తరం ఐ3-12100 ఉన్న కొత్త డెస్క్‌టాప్ బోలెడు. ఒక్క జాగ్రత్త: బిల్లులో చివర 'ఎఫ్' ఉందేమో చూడండి. 12100ఎఫ్‌లో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొనకపోతే తెర మీద బొమ్మే రాదు. మా బావమరిది ఇలాగే బోల్తాపడ్డాడు, పాపం!

ర్యామ్ 16 జీబీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసే స్టోరేజ్) అడగండి. హార్డ్ డిస్క్‌లోనే విండోస్ వేసిస్తామంటే ఒప్పుకోకండి, ఆన్ అయ్యేలోపు టీ తాగి రావచ్చు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి, మూడు నాలుగు షాపుల్లో విడిభాగాల వారీగా కొటేషన్ రాయించుకోండి. బేరం అప్పుడే తెగుతుంది. చిన్న యూపీఎస్ కూడా అందులోనే వేయించండి, ఎండాకాలం గాలివానలకి మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందేగా.