పరుగును ఒక్కదాన్నే నమ్ముకోవద్దు

చిరంజీవి భారతికి,

చిన్నమామయ్య ఆశీస్సులు. నువ్వు ట్రెడ్‌మిల్ కొన్నావనీ, వారానికి ఆరు రోజులు గంటసేపు పరుగెత్తి సంక్రాంతి నాటికి పన్నెండు కిలోలు తగ్గాలనీ, చక్కెర హద్దు దాటకుండా చూసుకోవాలనీ, ఆ పరుగుతోనే ఒంట్లో బలం కూడా పెంచుకోవాలనీ నిశ్చయించుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నప్పుడు ఎంత గర్వపడ్డానో, ఫోను పెట్టేశాక అంత కలవరపడ్డాను. మన ఇంట్లో జబ్బు ముదిరితే తప్ప కదిలినవాళ్లు లేరు. నువ్వు వైద్యుడు హెచ్చరించగానే కదిలావు. అయితే మూడు కోరికల భారాన్నీ పరుగు మీదే మోపావు.

మంచి బూట్లు కొనుక్కో. మొదలుపెట్టే ముందు ఒకసారి వైద్యుడికి చూపించుకో. నిద్ర చెడగొట్టుకొని పరుగెత్తకు. ఇవి నీకు తెలిసినవే.

గుండెకు, ఊపిరితిత్తులకు, రక్తపోటుకు, మనసుకు పరుగు చేసే మేలును నేను కాదనను. కళాశాలలో వ్యాయామ అధ్యాపకుడిగా ఉన్నంతకాలం తెల్లవారుజామున పిల్లలను మైదానం చుట్టూ పరుగెత్తించినవాణ్నే. నా అభ్యంతరమల్లా నీ లెక్క మీద. 70 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 350 కేలరీలు ఖర్చవుతాయి. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 ఉంటాయి. తిండి ఒక్క ముద్ద కూడా పెరగకుండా ఉంటే 22 పరుగులకు ఒక కిలో అన్నమాట. పరుగు తర్వాత వేసే ఆకలికి ఒక మసాలా దోసె, చక్కెర వేసిన కాఫీ తోడైతే ఆనాటి శ్రమ జమాఖర్చుల్లో దాదాపు మిగలదు. పైగా శరీరం తక్కువది కాదు, ఒకచోట ఖర్చు పెరిగితే మరోచోట పొదుపు చేస్తుంది. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకొని బతికే హడ్జా తెగవారు రోజూ ఎంతో దూరం నడిచినా, ఒంటి పరిమాణాన్ని బట్టి చూస్తే వారి మొత్తం శక్తి ఖర్చు నగరవాసుల ఖర్చుకన్నా పెద్దగా ఎక్కువేమీ కాదని హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో ప్రచురించింది. అంత దూరం ఎందుకు, పొద్దున పరుగెత్తానన్న ధీమాతో నువ్వు సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవవని నాకు తెలుసు.

ఈ ఉత్తరానికి అసలు కారణం మాత్రం మీ పెద్దమామయ్య. ఆయనకు చక్కెర జబ్బు బయటపడినప్పుడు నువ్వు హాస్టల్లో చదువుకుంటున్నావు కాబట్టి చివరి సంగతే నీకు తెలుసు. నడిస్తే చాలునని ఎవరో చెప్పగా అన్నయ్య దాన్ని వ్రతంలా పట్టాడు. పొద్దునా సాయంత్రం నాగావళి గట్టున చెమటలు కారేలా నడిచేవాడు. రాత్రి అన్నం మాని రెండు పుల్కాలతో సరిపెట్టేవాడు. పప్పు వాతమనీ, గుడ్డు వేడి చేస్తుందనీ దూరం పెట్టాడు. ఏడాది తిరిగేసరికి చొక్కాలు వదులయ్యాయి, వీధివీధంతా మెచ్చుకుంది. పోయినదాంట్లో కొవ్వు ఎంతో, కండ ఎంతో తూకంలో కనబడదు కదా. కండలకు పని చెప్పకుండా తిండి మాత్రం తగ్గిస్తే, తగ్గిన బరువులో సుమారు నాలుగో వంతు కండే కావచ్చు. ముప్ఫై దాటాక ఎలాగూ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా అది తనంతట తానే కరుగుతుంది. అన్నయ్యకు అప్పటికే అరవై. పెళ్లి పంక్తిలో కూర్చున్నవాడు పక్కవాడి భుజం పట్టుకోనిదే లేవలేకపోవడం, గ్యాస్ బండను గడప దాటించడానికి కుర్రాణ్ని పిలవడం, మెట్ల దగ్గర గోడ తడుముకోవడం, అన్నిటినీ వయసు ఖాతాలో వేశాడు. కోసులకొద్దీ నడవగల మనిషి, స్నానాలగదిలో కాలు జారినప్పుడు తన ఒంటిని తాను ఆపుకోలేకపోయాడు. తుంటి విరిగింది. మంచంలో గడిచిన నెలల్లో ఉన్న కండా పోయింది. చక్కెర కూడా ఆయన ఆశించినంత అదుపులోకి రాలేదు. భోజనం తర్వాత రక్తంలో చేరే చక్కెరలో పెద్ద భాగాన్ని తీసుకొని దాచుకోవలసింది కండరాలే, అవి చిక్కిపోయాక అది ఎక్కడికి పోతుంది? నడకలో దోషం లేదమ్మా. నడక వల్ల కాని పనిని కూడా నడకకే అప్పగించాడు.

నీకు ముప్ఫై నాలుగేళ్లే కదా అని నవ్వకు. ఇప్పుడు కూడబెట్టిన కండే అప్పుడు పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతోపాటు, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా ఉంది. అందరూ మొదటి సగం చదివి ఆపేస్తారు. పరుగును మూడు రోజులకు తగ్గించి, రెండు రోజులు బస్కీలకు, దండీలకు, డంబెల్స్‌కు ఇవ్వు. బస్కీలు మొదట కుర్చీ అంచును తాకి లేచేలా చెయ్యి, తేలికయ్యాక చేతుల్లో బరువు పట్టుకో, ఆ బరువును కొద్దికొద్దిగా పెంచు. బరువులెత్తితే మగరాయుడిలా అవుతానని ఒకసారి అన్నావు. మన జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఒక అంశంలో 110, మరో అంశంలో 130 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. దాని వెనుక ఏళ్ల తరబడి సాధన ఉంది. వారానికి రెండు రోజులు చేసే నీకు భారీ కండలు రమ్మన్నా రావు. తిండి విషయంలో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరమని చెప్పారు. బరువు తగ్గుతూ కండ నిలుపుకోవాలంటే ఇంకొంత కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు మానేసి తగ్గే తగ్గుదల నాకు వద్దు.

మరొక మాట. కిలోమీటరు పరుగులో సుమారు వెయ్యి అడుగులు పడతాయి, ప్రతి అడుగుకూ నీ బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. పోయినసారి వచ్చినప్పుడు మేడమెట్లు దిగుతూ ఎడమ మోకాలు పట్టుకున్నావు, నేను చూడలేదనుకున్నావు. ఆ నొప్పి తగ్గిందో లేదో వెంటనే రాయి, మీ అమ్మకు చెప్పను. తగ్గకపోతే కొన్నాళ్లు ఆ ట్రెడ్‌మిల్ మీద బట్టలు ఆరేసుకొని, ముందు ఎముకల వైద్యుడి దగ్గరకు వెళ్లు. ఆ ఖర్చు నాది.

ఇట్లు,
మీ చిన్నమామయ్య