పుట్టిన సంవత్సరం తప్పు వెయ్యకు

అమ్మడూ,

వచ్చే నెల పుట్టినరోజుకి చిన్నోడికి సొంత ఫోను కొంటున్నారని నిన్న మీ అమ్మ చెప్పింది. తెనాలి ఆసుపత్రిలో నిన్ను మొదట ఎత్తుకున్నదాన్ని నేనే. అలాంటి నువ్వు నీ కొడుక్కి ఏది ఎప్పుడు ఇవ్వాలో ఆలోచించేదానివయ్యావంటే నాకు గర్వంగానే ఉంది. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. "ఆన్‌లైన్‌లో పిల్లల రక్షణకి ఇప్పుడు చట్టం వచ్చిందిగా, ఇక కంపెనీలే చూసుకుంటాయి" అన్నావట. ఆ మాటకే ఈ ఉత్తరం.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. రాత్రిళ్ళు ఫోను హాల్లోనే ఛార్జింగు పెట్టండి. ఫోన్‌పే పిన్ను వాడి కంటబడనివ్వకు. పిల్లల ఫోను మీద పెద్దవాళ్ళు కన్నేసి ఉంచే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్ పెట్టు, పెడుతున్నానని వాడితో చెప్పే పెట్టు.

నాకు భయమల్లా యాప్‌లో ఖాతా తెరిచేటప్పుడు అడిగే పుట్టిన సంవత్సరం గురించే.

ముప్పై నాలుగేళ్ళు బళ్ళో పనిచేశాను కదా. జూన్ వచ్చిందంటే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళు. ఐదేళ్ళు నిండందే రిజిస్టర్లో ఎక్కించకూడదు. "ఏదో ఒకటి రాసెయ్యండి టీచరమ్మా, కూలికి పోవాలి" అని బతిమాలేవాళ్ళు. రాసేసేదాన్ని. నాదీ అట్లా రాసిందే. మా అమ్మ లెక్కన నేను కార్తీక పౌర్ణమినాడు పుట్టాను, సర్టిఫికెట్లో మాత్రం జులై 1. దీనివల్ల ఎవరికీ నష్టం లేదనుకుంటూనే ఇన్నేళ్ళూ గడిపేశాను.

2021లో బళ్ళు మూసేసినప్పుడు మీ అక్క కొడుకు నా దగ్గరే ఉన్నాడు గుర్తుందా? ఆరో తరగతి. పొద్దున ఫోన్లోనే పాఠాలు, సాయంత్రం ఆడుకుందామంటే వీధిలో పిల్లలు లేరు. ఒకరోజు ఫోను పట్టుకొచ్చి, "అమ్మమ్మా, ఈ యాప్ నన్ను రానివ్వట్లేదు, పదమూడేళ్ళు నిండాలంట" అన్నాడు. క్లాసులో పిల్లలంతా అందులోనే ఉన్నారట. వాడి మొహం చూసి మనసు కరిగిపోయింది. ఏముందిలే అనుకుని నా వేలితోనే 1998 అని కొట్టాను. పదకొండేళ్ళ పిల్లాణ్ణి ఆ యాప్ దృష్టిలో ఇరవై మూడేళ్ళవాణ్ణి చేశాను.

ఆ అంకె ఏం చేస్తుందో నాకప్పుడు తెలీదు. పిల్లల ఖాతా అని తెలిస్తే కొత్తవాళ్ళు మెసేజ్ పెట్టకుండా ఏ అడ్డు పెట్టినా, అది మావాడికి వర్తించలేదు. క్రికెట్ గురించి మాట్లాడుతూ ఎవడో పరిచయమయ్యాడు. నీ వయసే అన్నాడు, ఫోటోలు అడిగాడు. ఆ తర్వాత వాటినే పట్టుకుని బెదిరించాడు. పిల్లాడు అన్నం కెలికి లేచిపోయేవాడు, లైటు ఆర్పితే పడుకునేవాడు కాదు. కరోనా బెంగ అనుకుని దిష్టి తీశాను. రెండు నెలలు, అమ్మడూ. పక్కనే పడుకునే పిల్లాడు రెండు నెలలు ఒంటరిగా వణికిపోతుంటే నేను మిరపకాయలు తిప్పి పోశాను.

చివరికి మీ బావ ఫోను చూసి కనిపెట్టాడు, సైబర్ పోలీసులకి ఫిర్యాదు చేశాం. అన్నీ అయ్యాక వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, నాకెందుకు చెప్పలేదురా అని అడిగాను. "సంవత్సరం తప్పుగా వేసింది నువ్వే కదా అమ్మమ్మా. చెబితే పోలీసులు నిన్ను పట్టుకెళ్తారనుకున్నా" అన్నాడు.

నన్ను కాపాడటానికి వాడు నోరు మూసుకున్నాడు.

చట్టాలు అక్కర్లేదని నేననను. బడి ముందు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ కోసం మూడేళ్ళు అర్జీలు పెట్టినదాన్ని. వేశాక కూడా పిల్లల చెయ్యి పట్టుకునే రోడ్డు దాటించాను. మన 2023 డిజిటల్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళందరినీ పిల్లలే అంటుంది. వాళ్ళ వివరాలు వాడుకోవాలంటే కన్నవాళ్ళ అనుమతి కావాలంటుంది. వాళ్ళేం చూస్తున్నారో వెంటాడి ప్రకటనలు గుప్పించకూడదంటుంది. మంచిదే. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి కానీ, ఈ అనుమతి ఏర్పాటుకి కంపెనీలకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళలోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదు. తప్పితే కంపెనీలకే జరిమానా, 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. తల్లిదండ్రులకీ పిల్లలకీ శిక్ష లేదు. అదీ న్యాయమే. కోట్లు సంపాదించేవాళ్ళని వదిలేసి, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చే నీలాంటి తల్లి మీద భారమంతా మోపితే నేనొప్పుకోను.

కానీ ఏ చట్టం ఎంత గట్టిదైనా, మీ ఇంట్లో సోఫా మీద కూర్చుని నువ్వు తప్పుడు సంవత్సరం కొట్టావంటే వాడికి అది అందదు. "క్లాసులో అందరికీ ఉంది" అని వాడు ఏడుస్తాడు. ఏడవనీ. నువ్వు కరగొద్దు. ఆ ఒక్క విషయంలో నాలాగా ఉండకు.

ఏదైనా జరిగితే తిట్టకుండా ముందు విను. 1098 పిల్లల సహాయానికి ఫోన్ నంబరు, 1930 సైబర్ నేరాలది. రెండూ నీ ఫోన్లోనే కాదు, ఫ్రిజ్ మీద కూడా రాసిపెట్టు.

చిన్నప్పుడు నువ్వు మార్కుల కాగితం దాచి, భయపడి నా మంచం కింద దూరావు. నిన్ను బయటికి రప్పించడానికి సున్నుండ చూపించాను. ఈసారి డబ్బా నిండా చేసుకొస్తున్నాను, పుట్టినరోజుకి ముందురోజే దిగుతాను. నేనొచ్చాకే ఫోను తెరవండి. వాడి పక్కన కూర్చుంటాను, పుట్టిన సంవత్సరం వాడి చేత్తోనే వేయిద్దాం.

మీ పెద్దమ్మ