రెండు కొసలూ గాలిలో ఉన్న యాంటెన్నాలో వోల్టేజి ఎలా పుడుతుంది?

సర్క్యూట్ పూర్తి కాని తీగలో కరెంటు ఎలా పారుతుందని అడిగారు. చాలా మంచి ప్రశ్న. చిత్తూరులో ఏళ్ల తరబడి రేడియోలు బాగుచేసిన అనుభవంతో నాకు అర్థమైనంత చెబుతాను.

రేడియో తరంగంలో విద్యుత్ క్షేత్రం, దానికి అడ్డంగా అయస్కాంత క్షేత్రం ఉంటాయి. విద్యుత్ క్షేత్రం తీగలోని ఎలక్ట్రాన్లను ఒక కొసకు నెడుతుంది. అక్కడ ఋణావేశం పోగవుతుంది, అవతలి కొసన ధనావేశం మిగులుతుంది. అంతలోనే క్షేత్రం దిక్కు మారుతుంది, ఎలక్ట్రాన్లు వెనక్కి మళ్లుతాయి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఇది సెకనుకు 10 కోట్ల సార్లు జరుగుతుంది. ఇలా ముందుకూ వెనక్కూ కదిలే కరెంటు చుట్టూ తిరిగి రావలసిన పనే లేదు. తీగను నడిమధ్య తెంచి ఆ రెండు చివరలనూ రిసీవరుకు కలిపితే, అక్కడ దొరికేదే మీరు అడిగిన వోల్టేజి. ఇలా మధ్యలో తెంచి కలిపిన తీగనే డైపోల్ అంటారు. ఆ 100 మెగాహెర్ట్జ్‌కు సరిపడే 1.5 మీటర్ల డైపోల్ మీద మీటరుకు 1 మిల్లీవోల్టు క్షేత్రం పడితే సుమారు 0.95 మిల్లీవోల్టు వస్తుంది. కరెంటు మధ్యలో ఎక్కువగా, కొసల్లో సున్నాగా ఉంటుంది కాబట్టి పొడవంతా లెక్కకు రాదు.

పాకాల దగ్గరి గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది. అందులో 1024 యాగీ యాంటెన్నాలు, ఒక్కొక్కదానికి మూడేసి కడ్డీలు. కేబుల్ కలిపేది ఒక్క కడ్డీకే. మిగతా రెంటిలోనూ తరంగమే కరెంటు పుట్టిస్తుంది.

మీడియం వేవ్ సంగతి వేరు. కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 333 మీటర్లు. అంతటి తరంగానికి సరిపడే డైపోల్ ఇంట్లో ఎవరు కట్టగలరు? పాత ట్రాన్సిస్టర్ మూత విప్పి చూడండి. నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దాని మీద వెంట్రుకల్లాంటి రాగి పోగులను పేని చుట్టిన కాయిల్, అది కదలకుండా పోసిన మైనం కనిపిస్తాయి. ఇది పట్టేది అయస్కాంత క్షేత్రాన్ని. కాయిల్ గుండా పోయే క్షేత్రం మారుతుంటే వోల్టేజి పుడుతుందన్న ఫారడే సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. స్టేషన్ మార్చే నాబ్‌తో తిరిగే గ్యాంగ్ కండెన్సర్‌తో స్టేషన్‌కు సరిగ్గా ట్యూన్ చేస్తే ఆ వోల్టేజి పదుల రెట్లు పెరుగుతుంది. పోగుల్లో కొన్నింటికి టంకం పట్టకపోయినా శబ్దం నీరసిస్తుంది. రిపేరుకు వచ్చిన సెట్లలో నేను ముందు చూసేది అదే.

మీరే పరీక్షించవచ్చు. చిత్తూరు నుంచి కడప ఉత్తరాన, కాస్త పడమరకు ఉంది. ఆ స్టేషన్ పెట్టి రేడియోను మెల్లగా తిప్పండి. కడ్డీ కొస కడప వైపుకు తిరిగితే శబ్దం సన్నబడుతుంది, కడ్డీ ఆ దిక్కుకు అడ్డంగా ఉంటే నిండుగా వినిపిస్తుంది. ఇది పగలే చేయండి. రాత్రి పైనుంచి అయనోస్ఫియర్ (వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పై పొర) తిప్పి పంపే తరంగాలు కూడా కలిసి తేడా స్పష్టంగా తెలియదు.