కాలు కుదుటపడుతున్నప్పుడు క్రూజ్: ఏ రేవులో దిగాలి, ఎక్కడ ఆగిపోవాలి

ప్రశ్న: మా అత్తమ్మకు 62 ఏళ్లు. చీలమండ విరిగితే ప్లేటు, స్క్రూలు వేశారు. ఆపరేషన్ అయి పది వారాలైంది. చేతికర్రతో నడవచ్చని, ప్రయాణం కూడా చేయొచ్చని డాక్టర్ అన్నారు. ముందే బుక్ చేసుకున్న క్రూజ్ వచ్చే నెలలో ఉంది. సింగపూర్‌లో ఎక్కి పోర్ట్ క్లాంగ్, పినాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్ రావాలి. అత్తమ్మను రేవుల్లో దింపాలా, ఓడలోనే ఉంచాలా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: దింపండి. కాకపోతే మూడు రేవుల్లో కొన్నింటిలోనే. ఏ ఊళ్లో ఏం చూడొచ్చన్నది తర్వాతి సంగతి. కాలు ఇంకా గట్టిపడని మనిషి విషయంలో ముందు తేల్చుకోవాల్సింది ఓడలోంచి నేల మీదికి ఎలా చేరతారన్నదే. దానికి రెండే దారులు. ఓడ గట్టుకు ఆనుకుని ఆగితే గ్యాంగ్‌వే అనే వంతెన మీదుగా నడిచి దిగుతారు. గట్టుదాకా రాకపోతే సముద్రంలోనే లంగరు వేసి, టెండర్లనే చిన్న బోట్లలో ఒడ్డుకు చేరుస్తారు. మీ ప్రయాణ పట్టికలో రేవు పేరు పక్కన ‘టెండర్’ అని ఉందేమో చూడండి. లేకపోతే ఏజెంటును సూటిగా అడగండి.

ఈ లెక్కన మీ మూడింటిలో పినాంగ్ మేలు. ఓడ స్వెట్టెన్‌హామ్ పియర్‌లో ఆగుతుంది, అది జార్జ్‌టౌన్ ఊరికి ఆనుకునే ఉంటుంది. బయటికి రాగానే విక్టోరియా రాణి పేరిట కట్టిన 60 అడుగుల గడియార స్తంభం, దాని పక్కనే ఫోర్ట్ కార్న్‌వాలిస్. కోట బయట సముద్రపు గట్టున నేల చదును, కూర్చుని గాలి పీల్చుకోవచ్చు. అక్కణ్నుంచి లిటిల్ ఇండియా కాళ్లు బాగున్నవాళ్లకు నడక దూరమే, అయినా అత్తమ్మ కోసం టాక్సీ పెట్టండి. అక్కడ 1833లో కట్టిన మహా మారియమ్మన్ గుడి ఉంది. గుడి దగ్గర చెప్పులు విప్పడానికి కూర్చునే చోటు ముందు చూసుకోండి. ఒంటికాలి మీద నిలబడి విప్పబోతేనే తూలిపడతారు. చీలమండ బ్రేస్ విప్పాల్సి వస్తే బయటి నుంచే దండం పెట్టుకోమనండి.

పినాంగ్‌లో అసలు ఇబ్బంది పాత దుకాణాల ముందు వరసగా ఉండే ఐదడుగుల వరండాలు. నీడ ఉంది కదా అని అందరూ వాటిలోకే వెళ్తారు. ఒక్కో దుకాణం గచ్చు ఒక్కో ఎత్తు. మధ్యలో ఒక మెట్టు, నున్నటి పలకలు, అడ్డంగా నిలిపిన మోటారుసైకిళ్లు. బిగుసుకున్న చీలమండతో పాదం ముందుభాగం పూర్తిగా పైకి లేవదు. అందుకే రెండంగుళాల ఎత్తుకే వేళ్లు తట్టుకుంటాయి. దుకాణం ముందే టాక్సీ దిగి, అక్కడే పని చూసుకుని, అక్కడే మళ్లీ ఎక్కడం మంచిది. కెక్ లోక్ సి ఆలయం ఎంత బాగుంటుందని ఎవరు చెప్పినా ఈసారికి వదిలేయండి, అక్కడ మెట్లు చాలా ఎక్కువ.

పోర్ట్ క్లాంగ్‌లోనూ ఓడ గట్టుకే ఆగుతుంది, కానీ టెర్మినల్ చుట్టూ నడిచి చూసేదేమీ లేదు. కౌలాలంపూర్‌కు కారులో గంట పైనే పడుతుంది, వెళ్లిరావడానికే కాలు వేలాడదీసి రెండున్నర మూడు గంటలు కూర్చోవాలి. వెళ్లాలనే ఉంటే బతు గుహలకు వెళ్లి 140 అడుగుల మురుగన్ విగ్రహాన్ని కింది నుంచే చూడండి. పైకి 272 మెట్లు, వాటి జోలికి పోవద్దు. నేలమట్టంలోనే రామాయణ గుహ ఉంది. ఇక్కడ ఆటుపోట్ల తేడా ఎక్కువ కాబట్టి గ్యాంగ్‌వే పొద్దున్న చదునుగా ఉండి సాయంత్రానికి నిటారు కావచ్చు, కొన్నిసార్లు వేరే డెక్‌కు కూడా మారుస్తారు. వాలు ఎప్పుడు తక్కువగా ఉంటుందో రిసెప్షన్‌లో అడిగి ఆ వేళకు దిగండి. గ్యాంగ్‌వే మీద అడ్డంగా పట్టీలుంటాయి, కర్ర కొన వాటి మీద కాక వాటి మధ్య పడాలి. దిగేటప్పుడు కర్రా, దెబ్బ తగిలిన కాలూ ముందు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు.

ఫుకెట్‌లో దిగకుండా ఓడలోనే ఆగిపోండి. అక్కడ ఓడ చాలాసార్లు పాటోంగ్ తీరానికి దూరంగా లంగరు వేసి టెండర్లు నడుపుతుంది. ఓడ కింది డెక్ తలుపు దగ్గర చిన్న వేదిక, దాని పక్కన అలకు లేచి పడే బోటు ఉంటాయి. సిబ్బంది చెరోవైపు మోచేయి కింద పట్టుకుని, బోటు వేదిక మట్టానికి వచ్చిన క్షణంలో అడుగు వేయిస్తారు. ఆ ఒక్క అడుగులో బరువంతా కదిలే నేల మీద ఒకే కాలి మీద పడుతుంది. పది వారాల చీలమండకు ఎముక అతికినా పట్టు ఇంకా రాలేదు, తూలితే ఆపుకోలేదు. మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి రుతుపవనాలతో ఆ తీరంలో అలలు ఇంకా పెద్దవి. ఒకవేళ మీ ఓడ ఆవ్ మఖామ్ రేవులో గట్టుకే కడితే అప్పుడు వేరే సంగతి, దిగొచ్చు. అందరూ ఫుకెట్ దిగి వెళ్లిన రోజున ఓడలో జనం పలచబడతారు, లిఫ్టు కోసం ఆగక్కర్లేదు. అత్తమ్మకు ఆ రోజు నిజంగా విశ్రాంతి దొరుకుతుంది.

నడక సంగతి. ఇంటి దగ్గర సాయంత్రానికి వాపు రాకుండా ఎంత నడవగలుగుతున్నారో చూసి, రేవులో అందులో సగమే అనుకోండి. మిగతా సగాన్ని ఎండ, ఎగుడుదిగుడు నేల, ఇమిగ్రేషన్ దగ్గర నిలబడటం తినేస్తాయి. పెద్ద ఓడ పొడవే 300 మీటర్లు దాటుతుంది, చివరి గది నుంచి అటు చివర భోజనశాలకు వెళ్లిరావడం కూడా నడకే. గది లిఫ్టుకు దగ్గరగా మార్చమని ఇప్పుడే అడగండి. వెనక్కి రాగానే కాలిని గుండెకంటే ఎత్తులో దిండ్ల మీద పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్ 15–20 నిమిషాలు ఉంచాలి. చీలమండ విరిగాక నెలల తరబడి సాయంత్రం వాపు రావడం మామూలే. పిక్క ఒక్కటే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే, లేదా ఆయాసం, ఛాతీనొప్పి వస్తే రక్తం గడ్డ కట్టిందేమోనని వెంటనే ఓడలోని డాక్టర్‌కు చూపించాలి. శంషాబాద్ నుంచి సింగపూర్‌కు విమానం దాదాపు నాలుగున్నర గంటలు. గంటకోసారి పాదాన్ని పైకీ కిందికీ ఆడించమనండి. రక్తం పలచబడే మందు అవసరమా అని బయల్దేరేముందు సర్జన్‌నే అడగండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారంలో ఈ ఆపరేషన్ రాయడం మరవద్దు.

ప్రశ్న: మోకాలి లిగమెంటుకు ఏ.సి.ఎల్. ఆపరేషన్ అయి ఐదు వారాలు. బ్రేస్, రెండు చంక కర్రలు. ముంబయి నుంచి లక్షద్వీప్ క్రూజ్ టికెట్లున్నాయి. వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: లక్షద్వీప్‌కు ఇప్పుడు వద్దు. ఆ దీవుల చుట్టూ పగడపు దిబ్బలు, లోపల లోతు తక్కువ. పెద్ద ఓడ బయటే ఆగుతుంది, ఒడ్డుకు చిన్న బోట్లే గతి. చంక కర్రలతో టెండర్ ఎక్కడం చేతికర్రతో ఎక్కడం కంటే కష్టం, ఎందుకంటే సిబ్బంది పట్టుకోవాల్సిన రెండు చేతులూ కర్రల మీదే ఉంటాయి. ఒడ్డున ఇసుకలో కర్రలు దిగబడతాయి. కొత్త లిగమెంటు మీద ఒక్క మెలిక పడితే ఆపరేషన్ మొదటికొస్తుంది.

టికెట్ మార్చుకునే వీలుంటే గోవా, కొచ్చి వెళ్లే ఓడ చూడండి. రెండుచోట్లా ఓడ గట్టుకే ఆగుతుంది. గోవాలో మర్ముగావ్ రేవు నుంచి పణజి 30 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కొచ్చిలో 2023లో మొదలైన వాటర్ మెట్రో అనే బోటు సర్వీసు మీలాంటివాళ్లకు చాలా అనువు. జెట్టీ నీటి మీద తేలుతూ ఉంటుంది కాబట్టి ఆటుపోట్లు ఎలా ఉన్నా బోటు అంచూ జెట్టీ అంచూ దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. సముద్రం, బోటు చూసిన సరదా తీరుతుంది, మోకాలు క్షేమం.

కర్రల ఎత్తు కూడా సరిచూసుకోండి. పై దిండుకూ చంకకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి, బరువు అరచేతుల మీదే పడాలి. చంక మీద వాలితే నరం నొక్కుకుని చేయి తిమ్మిరెక్కుతుంది. కింది రబ్బరు బుష్‌లు అరిగి నున్నబడితే కొత్తవి వేయించుకుని, ఇంకో జత సంచిలో పెట్టుకోండి. తడి డెక్ మీద అరిగిన రబ్బరు జర్రున జారుతుంది.

ప్రశ్న: నాన్నగారికి తుంటి ఆపరేషన్ అయింది. కొద్ది దూరం వాకర్‌తో నడుస్తారు. ఓడలో వీల్‌చైర్ ఇస్తారా, మేమే తీసుకెళ్లాలా?
– ఒక పాఠకురాలు, ఎల్.బి. నగర్

జవాబు: తీసుకెళ్లండి. ఓడలోని వీల్‌చైర్లు మామూలుగా ఎక్కించడానికి, దించడానికి, అత్యవసరానికి మాత్రమే. రేవులో ఊరు తిప్పడానికి ఇవ్వరు.

కొనేముందు టేపుతో కొలవాలి. మామూలు గది తలుపు చాలా ఓడల్లో 23 అంగుళాల దగ్గర ఉంటుంది. 18 అంగుళాల సీటున్న సాధారణ వీల్‌చైర్ చక్రాల అంచు నుంచి అంచుకు 24–26 అంగుళాలు, విప్పి ఉండగా లోపలికి పోదు. వికలాంగుల కోసం కట్టిన గది తలుపు 32 అంగుళాలు, గడప లేని స్నానాల గది, పట్టుకోవడానికి కమ్మీలు ఉంటాయి. అలాంటి గదులు కొన్నే, త్వరగా అయిపోతాయి. దొరక్కపోతే మడిచి లోపల పెట్టేలా తేలికపాటి కుర్చీ కొనండి. వరండాలో వదిలేయనివ్వరు, మంటలు రేగితే జనం పరిగెత్తే దారి అది.

చక్రం పరిమాణం మీద మాత్రం రాజీ పడకండి. నాలుగూ చిన్న చక్రాలే ఉండే ట్రాన్స్‌పోర్ట్ కుర్చీ 8–9 కిలోలే, కారు డిక్కీలో ఇట్టే పడుతుంది. కానీ ముందు చక్రాలు రాతి పలకల సందులో ఇరుక్కుంటే కుర్చీ ఆగిపోతుంది, కూర్చున్నవాళ్లు ముందుకు పడతారు. పాత ఊళ్లు చూడాలనుకుంటే వెనుక 22–24 అంగుళాల చక్రాలున్నది తీసుకోండి, బరువు 15 కిలోలు దాటినా సరే. ఎత్తు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మీరు ముందు దిగుతూ మెల్లగా లాగండి. కోఠిలో సర్జికల్ సామాను అమ్మే దుకాణాల్లో రెండు రకాలూ చూసి, నాన్నగారిని కూర్చోబెట్టి, ఒక సాయంత్రం చార్మినార్ చుట్టూ పరిచిన రాళ్ల మీద తోసి చూడండి. అక్కడ ఎవరు తోయగలరో, ఎంతసేపు తోయగలరో తెలిసిపోతుంది.

విమానానికి కనీసం 48 గంటల ముందు వీల్‌చైర్ సాయం అడగాలి. మెట్లెక్కగలరు, దూరం నడవలేరు అంటే ఒక రకం. మెట్లెక్కలేరు అంటే ఇంకో రకం. అసలు నడవలేరు అంటే మూడోది. మీ నాన్నగారికి రెండోది చెప్పండి. మొదటిది రాయించుకుంటే విమానం మెట్ల దగ్గర తిప్పలు.

ప్రశ్న: రేవులో ఓడవాళ్ల టూర్ మంచిదా, బయట టాక్సీనా?
– ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: దూరం వెళ్తే ఓడవాళ్ల టూర్. ఆలస్యమైనా వాళ్ల బస్సు వచ్చేదాకా ఓడ ఆగుతుంది. కాకపోతే బస్సు మెట్లు ఎత్తు, గైడ్ నలభై మందిని వెంటేసుకుని వేగంగా నడుస్తాడు. ఎంత నడక, ఎన్ని మెట్లు, బస్సుకు లిఫ్టు ఉందా అని టూర్ కౌంటర్‌లో అడిగాకే డబ్బు కట్టండి. ‘తేలికపాటి నడక’ అన్న మాట ఒక్కటే నమ్మకండి.

దగ్గర్లోనే తిరగాలంటే టాక్సీ మేలు. మలేసియా, సింగపూర్‌లలో గ్రాబ్ యాప్ పనిచేస్తుంది. మోకాలు వంగనివాళ్లు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, ముందు నడుం ఆనించి కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. ఓడ బయల్దేరడానికి అరగంట నుంచి గంట ముందే అందరూ ఎక్కేయాలి, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. థాయ్‌లాండ్ సమయం సింగపూర్ కంటే గంట వెనక. ఫోన్ దానంతటదే మారిపోతుంది, ఓడ మాత్రం సింగపూర్ సమయమే పాటించవచ్చు. ఫోన్ చూసి నింపాదిగా వస్తే ఓడ వెళ్లిపోయి ఉంటుంది. చేతికి మామూలు గడియారం పెట్టుకుని, ఓడ సమయానికి తిప్పుకోండి.

ప్రశ్న: కుట్లు విప్పి వారమైంది. ఓడలో ఈతకొలనులో దిగొచ్చా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: గాయం మీద పొక్కు మొత్తం రాలి, ఎక్కడా చెమ్మ లేదని సర్జన్ చూసి చెప్పేదాకా కొలను, సముద్రం రెండూ వద్దు. ఆయన సరేనన్నాక కూడా ఓడ ఊగే రోజు దిగకండి, కొలనులో నీళ్లు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కొడతాయి. నిచ్చెన కాకుండా కమ్మీ ఉన్న మెట్లు ఎక్కడున్నాయో, లేదా కుర్చీలో దించే లిఫ్టు ఉందో అడగండి. కర్రను చేయి అందేంత దగ్గరలో పెట్టుకునే నీళ్లలోకి దిగండి.