ప్లాట్లు గీసే ముందు మట్టిని చూపించండి

ప్రశ్న: మేడమ్, మా కుటుంబ స్థలాన్ని నాలుగు ప్లాట్లు చేసి, ఒకటి మాకు ఉంచుకుని మిగతావి అమ్మాలనుకుంటున్నాం. అక్కడికి డ్రైనేజీ లైను లేదు. ఒక మూల పాత ఇల్లు, బావి ఉన్నాయి. సర్వేయర్ నాలుగు సమాన భాగాలు గీసిచ్చారు. ప్రతి ప్లాటుకీ సెప్టిక్ అనుమతి చూపిస్తేనే విభజన ఆమోదిస్తామని ఆఫీసులో అంటున్నారు. ఇళ్లే లేనప్పుడు పర్మిట్ ఎలా వస్తుంది? పైగా నాలుగో ప్లాటు పల్లంలో ఉంది, అదో టెన్షన్.
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ ప్లాను మీద ఇంకా ఎవరూ సంతకాలు పెట్టకండి. హద్దులు మారే అవకాశం చాలా ఉంది.

మామూలుగా ఈ వ్యవహారంలో రెండు అనుమతులు ఉంటాయి. ఈ ప్లాటు మట్టి ఒక ఇంటి మురుగునీటిని ఇంకించుకోగలదన్నది మొదటిది. విభజన దశలో అడిగేది చాలావరకు ఇదే. ఇంట్లో ఎన్ని పడక గదులో, ట్యాంకు ఎంతో తేల్చి కట్టడానికిచ్చే పర్మిట్ రెండోది. దానికి తరచూ గడువు ఉంటుంది కాబట్టి కొన్నవాళ్లు ఇల్లు కట్టేటప్పుడు తీసుకోవడమే మేలు. మీ ఆఫీసు ఏది అడుగుతోందో రాతపూర్వకంగా తెలుసుకోండి.

ట్యాంకులో ప్రధానంగా జరిగేది బరువైన మడ్డి అడుక్కి దిగడమే. నీటిని శుభ్రం చేసే అసలు పని ఇంకుడు కాలువల (ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేలలోకి ఇంకించే, గొట్టాలు వేసిన కాలువల) కింద మట్టిది. అందుకే ప్రతి ప్లాటులోనూ పొక్లెయిన్‌తో లోతైన గుంత తీయించి, మట్టి తెలిసిన నిపుణుడిని అందులోకి దింపాలి. ఆయన తడిమట్టిని వేళ్ల మధ్య నలిపి బంకమట్టి పాలు ఎంతో చూస్తారు. గుంత గోడ మీద బూడిద రంగు, తుప్పు రంగు మచ్చలు ఏ లోతులో మొదలయ్యాయో కొలుస్తారు. సాధారణంగా ఆ మచ్చలున్న లోతు దాకా ఏడాదిలో కొంతకాలం నీరు నిలుస్తోందని అర్థం. ఎండాకాలంలో గుంత పొడిగా కనబడినా ఈ గుర్తు పోదు. దీంతో పాటు చిన్న గుంతను నీటితో బాగా నానబెట్టి, నీటిమట్టం అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూసే పరీక్షా ఉంటుంది. గంట దాటితే మామూలు ఇంకుడు కాలువలకు చాలాచోట్ల ఒప్పుకోరు. మరీ త్వరగా దిగినా మంచిది కాదు, శుభ్రపడకుండానే నీరు భూగర్భంలోకి పోతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది పల్లపు ప్లాటు కాదు, పాత ఇల్లు. దాని ఇంకుడు కాలువలు ఎక్కడిదాకా పోయాయో మీరు రాయలేదు. కొత్త హద్దు వాటి మీదుగా పోతే రేపు కొన్నవాళ్ల పెరట్లో మీ మురుగు ఇంకుతుంది. పొడి రోజుల్లో పచ్చగా కనిపించే గడ్డి చారలు చూడండి, ఇనుప చువ్వతో గుచ్చి గొట్టాల జాడ పట్టండి. ఆ తర్వాత బావి. చాలా నిబంధనల్లో బావికీ ఇంకుడు కాలువలకీ మధ్య 30 మీటర్ల దాకా దూరం ఉండాలి. మ్యాపు మీద బావి చుట్టూ ఆ వృత్తం గీయించండి. అది హద్దు దగ్గర ఆగదు, పక్క ప్లాటులోకీ వెళ్తుంది. పొరుగువాళ్ల బావులకీ అదే లెక్క.

పల్లపు ప్లాటులో మట్టి పనికి రాకపోతే హద్దు జరిపి కాస్త మెరక భూమిని దానికి కలపడం అన్నిటికంటే శుభ్రమైన దారి. పంపుతో పక్క ప్లాటులోకి మురుగునీరు ఎక్కించడానికి ఒప్పుకునే చోట్ల కూడా ఆ హక్కు రెండు ప్లాట్ల దస్తావేజుల్లోనూ ఉండాలి. బంధువులే కదా అని నోటిమాటతో వదలకండి. రెండూ కుదరకపోతే మూడు ప్లాట్లే చేయండి. ఇల్లు కట్టలేని ప్లాటును ఎవరికీ అంటగట్టకూడదు.

చాలాచోట్ల ప్రతి ప్లాటులో ఇంకుడు కాలువల జాగాతో పాటు, అవి పాడైన రోజుకు ఇంకో జాగా ఖాళీగా చూపించమంటారు. ఆ రెండింటినీ సర్వేయర్ ప్లానులో గుర్తు పెట్టించండి. రోడ్డు పని మొదలయ్యేలోపు చుట్టూ తాడు కట్టించండి. లారీలు ఒకసారి తొక్కాయంటే మట్టి గట్టిపడి, పరీక్షలో వచ్చిన ఫలితం ఆ నేలకు ఇక వర్తించదు.